ఏ గ్యాడ్జెట్ కొనాలో చెప్పే సైట్లు: దేన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

20 వేల లోపు ఏ ఫోన్ బాగుంటుందని ఒకసారి వెతికి చూడండి. మొదటి పేజీలో వచ్చే జాబితాలన్నిట్లోనూ దాదాపు అవే అయిదారు ఫోన్లు ఉంటాయి, వరుస మాత్రం మారుతుంది. రాసినవాళ్లలో ఆ ఫోన్‌ను వారం రోజులైనా జేబులో పెట్టుకుని తిరిగినవాళ్లు ఎందరో ఆ పేజీ చెప్పదు. అలాగని ఈ సైట్లన్నీ దండగని కొట్టిపారేయడం తొందరపాటే. సొంత డబ్బుతో వస్తువు కొని, ల్యాబ్‌లో కొలిచి రాసేవీ ఉన్నాయి. కంపెనీ పంపిన ప్రెస్‌నోట్‌ను అటూ ఇటూ మార్చి 'బెస్ట్' అని పేరు పెట్టేవీ ఉన్నాయి. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే నష్టం మనకే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏది కొనాలో తేల్చడం కంటే ఏది కొనకూడదో తేల్చడానికి ఈ సైట్లు ఎక్కువ పనికొస్తాయి. ముప్పై ఫోన్లను మూడుకు తగ్గించే పని వాటికి వదిలేయొచ్చు. ఆ మూడింట్లో ఒకటి ఎంచుకోవాలంటే మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందా, మీ ఇంట్లో ఏ నెట్‌వర్క్ సిగ్నల్ అందుతుంది, ఆ బరువు అమ్మానాన్నల చేతికి ఆనుతుందా అన్నవి చూసుకోవాలి. అవి ఏ సైటుకూ తెలియవు.

సైటుకు డబ్బులెవరిస్తున్నారు?

జాబితాలో ప్రతి ఫోన్ కిందా ఉండే 'ఇక్కడ కొనండి' బటన్ నొక్కి మీరు కొంటే ఆ సైటుకు కమీషన్ వెళ్తుంది. దీన్నే అఫిలియేట్ లింక్ అంటారు. దానివల్ల మీ బిల్లు పెరగదు. కమీషన్ తీసుకున్నంత మాత్రాన సలహా చెడ్డదని కూడా కాదు. అమెరికాలో వైర్‌కటర్ అనే సైటును బ్రయాన్ లామ్ 2011లో మొదలుపెట్టింది ఈ కమీషన్ మీదే. 2016లో న్యూయార్క్ టైమ్స్ దాన్ని సుమారు 3 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2021 నుంచి చందా కూడా పెట్టింది. అయినా ఒక్కో వస్తువు మీద వాళ్లు చేసే పరీక్షలు ఇప్పటికీ గట్టివే.

కాకపోతే కమీషన్ మీద బతికే సైటు కొన్ని మాటలు చెప్పదు. 'మీ పాత ఫోన్‌కు బ్యాటరీ మార్పించుకుంటే ఇంకో రెండేళ్లు వస్తుంది' అనదు. 'ఇంకో నెల ఆగండి' అని చెప్పడం అరుదు. ఆన్‌లైన్‌లో దొరకని మోడళ్లు ఆ జాబితాల్లోకి రావడం కష్టం. షాపులో కంపెనీ టీషర్టు వేసుకుని నిలబడే కుర్రాడు తన బ్రాండ్ వైపే చెయ్యి చూపించినట్టు, సైటు కూడా లింక్ ఉన్నవైపే చూపిస్తుంది. ఆ కుర్రాడి టీషర్టు మీద బ్రాండ్ పేరు కనిపిస్తుంది కాబట్టి మనం కొంచెం జాగ్రత్తగా వింటాం. సైటు విషయంలో మాత్రం పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే వాక్యాన్ని వెతుక్కోవాలి.

చందాల మీద నడిచే సంస్థల దారి వేరు. అమెరికాలో 1936లో పుట్టిన కన్స్యూమర్ రిపోర్ట్స్ ప్రకటనలు తీసుకోదు, పరీక్షించే వస్తువును మామూలు కొనుగోలుదారులాగే కొంటుంది. బ్రిటన్‌లో 1957 నుంచి ఉన్న 'విచ్?' కూడా చందాదారుల సంస్థే. మన దేశంలో ఢిల్లీలోని కన్స్యూమర్ వాయిస్, అహ్మదాబాద్‌లోని సీఈఆర్‌సీ అనే వినియోగదారుల సంస్థలు వస్తువులను పోల్చి పరీక్షించే పని చేశాయి. మిక్సీ, ఫ్యాన్, గీజర్ లాంటి వాటికి ఆ పద్ధతి బాగా నప్పుతుంది. వారానికో ఫోన్ దిగే మార్కెట్ వేగాన్ని అందుకోవడం మాత్రం వాటికి కష్టం.

నిజంగా లోతుగా కొలిచే సైట్లు బతకడమే కష్టమవుతోందని కూడా చెప్పాలి. ఆనంద్ లాల్ షింపీ తన 14వ ఏట, 1997లో మొదలుపెట్టిన ఆనంద్‌టెక్ ప్రాసెసర్ల పరీక్షలకు పెట్టింది పేరు. 2024 ఆగస్టులో మూతపడింది. కెమెరాలకు పెద్ద దిక్కులాంటి డీపీరివ్యూను సొంతదారైన అమెజాన్ మూసేస్తానని 2023లో ప్రకటించింది. చివరి నిమిషంలో వేరే సంస్థ కొనడంతో బతికిపోయింది. పరీక్షకు ఖర్చెక్కువ, జాబితాకు ఖర్చే లేదు. గూగుల్‌లో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

కొలిచేవాళ్లు

టీవీ, హెడ్‌ఫోన్స్, మానిటర్ లాంటి వాటికి నేను మొదట చూసేది కెనడాలోని మాంట్రియల్ నుంచి నడిచే ఆర్‌టింగ్స్. వస్తువులను తామే కొంటారు, ఒకే పద్ధతిలో కొలుస్తారు, అంకెలు బయట పెడతారు. 100 టీవీలను ఒకేసారి పెట్టి, అమెరికా న్యూస్ చానల్‌ను రోజులో ఎక్కువ గంటలు నడుపుతూ ఏవి ఎలా పాడవుతాయో చూసిన పరీక్ష ఒకటుంది. అంచుల్లో మాత్రమే లైట్లుండే పల్చని ఎల్‌ఈడీ టీవీలు కొన్ని తొందరగా దెబ్బతిన్నాయి. ఓఎల్‌ఈడీల్లో (ప్రతి చుక్కా తానే వెలిగే తెరల్లో) చానల్ లోగో మచ్చలా మిగిలింది. పొద్దున్నుంచి రాత్రి దాకా న్యూస్ చానల్ మోగుతూనే ఉండే మన ఇళ్లకు ఇంతకంటే పనికొచ్చే సమాచారం ఏ షోరూంలోనూ దొరకదు.

అయితే ఆర్‌టింగ్స్ కొలిచేది ఉత్తర అమెరికాలో అమ్మే మోడళ్లను. ఖరీదైన ఓఎల్‌ఈడీలు ఇక్కడా దాదాపు అదే పేరుతో వస్తాయి, మోడల్ నంబర్ చివరి అక్షరాలు మారతాయంతే. 30 వేల లోపు మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే 43 అంగుళాల టీవీల్లో చాలావాటి జాడ అక్కడ ఉండదు. అప్పుడు ఆ సైటును మోడల్ ఎంచుకోవడానికి కాకుండా విషయం నేర్చుకోవడానికి వాడండి. తెర వెలుగును కొలిచే నిట్స్ అంటే ఏమిటి, వెలుతురు బాగా వచ్చే హాల్‌లో ఎన్ని నిట్స్ కావాలి, 250 నిట్స్ తెర మీద 'హెచ్‌డీఆర్' స్టిక్కర్‌కు విలువ ఎందుకు లేదు అన్నవి ఒక సాయంత్రం కూర్చుంటే అర్థమవుతాయి. ఆ తర్వాత సేల్స్‌మన్ చెప్పే మాటల్లో సగం వాటంతట అవే రాలిపోతాయి.

ల్యాప్‌టాప్‌కు నోట్‌బుక్‌చెక్. రూపం చూస్తే పరీక్ష పేపర్‌లా ఉంటుంది, చదవడానికి ఓపిక కావాలి. కానీ మన మార్కెట్‌లో జరిగే ఒక మాయను పట్టుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. 50, 60 వేల ల్యాప్‌టాప్‌కు ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ గురించి పెద్ద అక్షరాల్లో రాస్తారు. తెర దగ్గరికొచ్చేసరికి 'ఫుల్ హెచ్‌డీ, యాంటీ గ్లేర్' అని వదిలేస్తారు. విప్పి చూస్తే అది 250 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర చూపగలిగే రంగుల కొలత) ప్యానెల్. రంగులు వెలిసిపోయినట్టుంటాయి, పగలు కిటికీ పక్కన కూర్చుంటే ఏమీ కనిపించదు. ఒకే పేరుతో ఒక దేశంలో మంచి ప్యానెల్, ఇంకో దేశంలో నాసి ప్యానెల్ ఉండొచ్చు. అందుకే కొలతలతో పాటు వాళ్లు పరీక్షించిన ప్యానెల్ పేరును, పూర్తి మోడల్ నంబర్‌ను మీరు కొనబోయే దానితో సరిచూసుకోండి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ స్పెసిఫికేషన్ షీట్‌లో 'ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం' (ఇది కూడా రంగుల కొలతే) అని రాసి ఉందా లేదా చూడండి. రాసి లేకపోతే లేదనే అనుకోవచ్చు. ఉంటే చెప్పుకోకుండా ఊరుకునే కంపెనీని నేనైతే చూడలేదు.

ఫోన్లకు జీఎస్ఎమ్ ఎరీనా. బల్గేరియాలో 2000లో మొదలైంది. ఇప్పటికీ ఫోన్ల వివరాలకు అందరూ వెళ్లేది అక్కడికే. రివ్యూ మొత్తం చదవక్కర్లేదు. బ్యాటరీ యాక్టివ్ యూజ్ స్కోర్ (వాడుతుంటే ఎన్ని గంటలు వస్తుందో), ఎండలో తెర ఎంత వెలుగు ఇస్తుంది, ఛార్జింగ్‌కు ఎంతసేపు, పోలిక పేజీలో పక్కపక్కన పెట్టిన ఫొటోలు చూస్తే చాలు. వివరాల పేజీలో 'వెర్షన్స్' అనే వరుస ఉంటే దాన్ని దాటేయకండి. 2024లో గెలాక్సీ ఎస్24 అమెరికాలో స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వచ్చింది, మనకు ఎక్సినోస్ 2400తో వచ్చింది. అమెరికా యూట్యూబర్ బ్యాటరీ గురించి ఏం చెప్పినా అది ఇక్కడి ఫోన్ గురించి కాదు. షావోమీ, రియల్‌మీ, వీవో, ఐకూ లాంటివి అమెరికాలో అమ్మరు కాబట్టి మన బడ్జెట్ ఫోన్ల విషయంలో అక్కడి సైట్లు అసలు లెక్కలోకే రావు.

పట్టికలు, స్కోర్లు

91మొబైల్స్, స్మార్ట్‌ప్రిక్స్ లాంటి మన సైట్లలో నిజంగా మెచ్చుకోవాల్సింది ఫిల్టర్. ధర, 5జీ, ఆమోలెడ్ తెర, 3.5 ఎంఎం జాక్, ఇన్ని గ్రాముల లోపు బరువు అని టిక్ పెట్టుకుంటూ పోతే వందల ఫోన్లు పదికి దిగుతాయి. ఈ పని చేతితో చేయాలంటే ఒక రోజు పడుతుంది. అక్కడితో ఆగండి. స్పెక్ స్కోర్ అనేది పేరుకు తగ్గట్టే కాగితం మీది వివరాలకు వేసే మార్కు. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అది చూస్తుంది కానీ, రాత్రి పెళ్లి పందిట్లో తీసిన ఫొటో ఎలా వచ్చిందో చూడదు. 82కీ 85కీ మధ్య తేడాను పట్టించుకుని మూడు వేలు ఎక్కువ పెట్టకండి.

ఫోన్ వేగాన్ని కొలిచే యాప్‌లు ఇచ్చే బెంచ్‌మార్క్ అంకెల పరిస్థితి ఇంకా దారుణం. పరీక్ష యాప్ నడుస్తోందని పసిగట్టి అప్పుడు మాత్రం పూర్తి వేగంతో పరిగెత్తే ఫోన్లు 2013 నుంచే బయటపడుతూ వచ్చాయి. 2022లో గెలాక్సీ ఎస్22 శ్రేణిని గీక్‌బెంచ్ అనే అలాంటి యాప్ తన జాబితా నుంచి తీసేసింది, మామూలు యాప్‌లకు వేగం తగ్గించి బెంచ్‌మార్క్ యాప్‌ను మాత్రం వదిలేస్తోందని. కెమెరాకు మార్కులేసే ఫ్రాన్స్ సంస్థ డీఎక్స్ఓమార్క్ ఫోన్ కంపెనీలకు సలహా సేవలు కూడా అమ్ముతుంది. దాని నమూనా ఫొటోలు చూడండి, మొత్తం మార్కును వదిలేయండి.

యూట్యూబ్ తెలుగు రివ్యూలు

చాలామంది తెలుగువాళ్లు సైటు చదవరు, వీడియో చూస్తారు. తప్పేమీ లేదు. కాల్‌లో గొంతు ఎలా వినిపిస్తోంది, మన ఎండలో తెర కనిపిస్తోందా, జియో 5జీ ఎలా పట్టుకుంటోంది అన్నవి ఇంగ్లీషు సైట్ల కంటే మన చానళ్లే బాగా చూపిస్తాయి. ఇబ్బంది ఎక్కడంటే, కంపెనీ ఫోన్‌ను ముందే పంపుతుంది, ఫలానా రోజు ఫలానా గంట దాకా నోరు విప్పొద్దంటుంది. ఆ గంట కొట్టగానే ఇరవై వీడియోలు ఒకేసారి దిగుతాయి. వారం వాడిన ఫోన్ గురించి వారం మాటలే చెప్పగలరు. ఏడాది, రెండేళ్లు వాడాక, అప్‌డేట్ చేసిన మర్నాడు ఆమోలెడ్ తెర మీద గ్రీన్ లైన్ వచ్చిందని మన దగ్గర ఎంతమంది గగ్గోలు పెట్టారో గుర్తుండే ఉంటుంది. మొదటి వారం రివ్యూల్లో ఏ ఒక్కటీ దాన్ని పట్టుకోలేదు, పట్టుకోవడం సాధ్యం కూడా కాదు. అందుకే ఫోన్ పేరుతో పాటు 'ఆరు నెలల తర్వాత' అని కలిపి వెతకండి. వీక్షణలు తక్కువ ఉన్న చిన్న చానల్ వీడియోలో, అదీ కామెంట్లలో, అసలు విషయం దొరుకుతుంది.

పైసలు తీసుకుని చేసిన వీడియో అయితే ఆ మాట చెప్పి తీరాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బు ముట్టినా, వస్తువు ఉచితంగా ఇచ్చినా సరే, వీడియోలోనే మాటగానూ అక్షరాలుగానూ చెప్పాలి. కింద డిస్క్రిప్షన్‌లో ఎక్కడో దాస్తే సరిపోదు. 'ఈ ఫోన్ మాకు కంపెనీ పంపింది' అని మొదట్లోనే చెప్పే చానల్‌ను నేను ఎక్కువ నమ్ముతాను. అసలు ఏమీ చెప్పకుండా ప్రతి ఫోన్‌కూ 'బడ్జెట్ కింగ్' అని థంబ్‌నెయిల్ పెట్టే చానల్‌ను మర్యాదగా దాటేయండి.

అమ్మే చోటే ఉండే రేటింగులు

వేల రేటింగులు, 4.3 నక్షత్రాలు. చూడగానే ధైర్యమొస్తుంది. ఇందులో మూడు తిరకాసులున్నాయి. రంగు, సైజు మారిన వస్తువుల రివ్యూలన్నీ ఒకే పేజీ కింద కలిపేస్తారు, కొన్నిసార్లు నిరుడు అమ్మిన పాత మోడల్‌వి కూడా. పెట్టెలో చిన్న కార్డు పెట్టి '5 స్టార్లిస్తే క్యాష్‌బ్యాక్' అంటారు. డెలివరీ తొందరగా వచ్చిందని 5, పెట్టె నలిగిందని 1 ఇచ్చేవాళ్లు సరేసరి. ఆన్‌లైన్ రివ్యూల కోసం బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది కానీ స్వచ్ఛందంగా పాటించేదిగానే తెచ్చింది. సగటు నక్షత్రాలు వదిలేసి, కొత్తవి ముందు వచ్చేలా మార్చుకుని, 2, 3 నక్షత్రాలిచ్చినవాళ్ల మాటలు చదవండి. ఒకే ఫిర్యాదు వేర్వేరు మనుషుల నోట, వేర్వేరు నెలల్లో వస్తుంటే అది నిజం.

ఏ వస్తువుకు ఏది?

ఫోన్ అయితే 91మొబైల్స్ లేదా స్మార్ట్‌ప్రిక్స్ ఫిల్టర్‌తో పదికి, జీఎస్ఎమ్ ఎరీనా కొలతలతో మూడుకు దించండి. ఆ మూడింటికీ ఆరు నెలల తర్వాతి వీడియోలు చూడండి. ఎన్నేళ్లు అప్‌డేట్లిస్తామన్నారో కంపెనీ పేజీలోనే చూసుకోండి. ల్యాప్‌టాప్‌కు నోట్‌బుక్‌చెక్ చూశాక ఒకసారి షాపుకు వెళ్లి కీబోర్డ్ నొక్కి చూడటం మంచిది. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ కంప్యూటర్ల మార్కెట్ ఉండనే ఉంది. టీవీకి చెప్పాను.

ఏసీ, ఫ్రిజ్ కొనేటప్పుడు మాత్రం సిఫారసు సైట్లను నేను పట్టించుకోను. బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబుల్ ముందు అవన్నీ దిగదుడుపే. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో అంకె ఉంటుంది. నక్షత్రాల కంటే ఆ అంకె ముఖ్యం, ఎందుకంటే ప్రమాణాలు మారినప్పుడల్లా నక్షత్రాలు జారతాయి. 2022 జులైలో నిబంధనలు బిగించినప్పుడు అంతకుముందు 5 స్టార్ ఉన్న ఏసీలు 4 స్టార్‌కు దిగాయి. కాబట్టి లేబుల్ ఏ కాలానిదో కూడా చూడాలి. రెండు ఏసీల లేబుళ్ల మీద 950, 750 అని ఉన్నాయనుకుందాం. తేడా 200 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు పడే స్లాబులో ఉంటే ఏడాదికి 1,600 మిగులుతుంది. ధరలో తేడా 8 వేలుంటే అయిదేళ్లలో తిరిగొస్తుంది. అయితే ఆ లేబుల్ లెక్క ఏడాదికి 1,600 గంటల వాడకానికి వేసింది. విజయవాడలోనో రామగుండంలోనో మార్చి నుంచి వర్షాలు పడేదాకా రాత్రంతా ఏసీ వేసే ఇల్లయితే ఇంకా ముందే తిరిగొస్తుంది. వేసవికి నెల రోజులు, అదీ గంటా రెండు గంటలు వేసేవాళ్లకు 3 స్టార్ చాలు. ఈ లెక్క మీ కరెంటు బిల్లు చూసి మీరు వేసుకోవాల్సిందే. ఆ తర్వాత మీ పిన్‌కోడ్‌కు సర్వీస్ ఇచ్చేది ఎవరో కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోండి. గ్యాస్ నింపడానికి మెకానిక్ 60 కిలోమీటర్ల నుంచి రావాలంటే ఏ సైటు ఎన్ని మార్కులేసినా వృథా.

పవర్‌బ్యాంక్, ఛార్జర్ల విషయంలో జాబితాలు చదవడం టైమ్ వేస్ట్. వీటికి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వస్తువు మీద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు ఎవరో వస్తుంది. రాకపోతే పక్కన పెట్టేయండి. ఇక 10,000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాల్లో రాసింది లోపలి సెల్ లెక్క. 3.7 వోల్టుల నుంచి 5 వోల్టులకు మారేటప్పుడు 7,400కు దిగుతుంది, వేడి రూపంలో ఇంకొంత పోతుంది. మీ ఫోన్‌కు అందేది 6,000 పైచిలుకే. చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని రాసేది అదే. పోల్చాలంటే దాన్నే పోల్చండి.

అమెరికా నుంచి ఎవరైనా వస్తూ తెస్తామంటే అప్పుడు వైర్‌కటర్, కన్స్యూమర్ రిపోర్ట్స్ నేరుగా పనికొస్తాయి. వైర్‌కటర్‌లో గెలిచిన వస్తువు కంటే కింద 'పోటీలో ఓడినవి' అని రాసే భాగం చదవండి. ఏది ఎందుకు వద్దన్నారో ఒక్కో వాక్యంలో ఉంటుంది, మొత్తం పేజీలో విలువైనది అదే. కొనే ముందు రెండు విషయాలు సరిచూడండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద '100-240' అని ఉంటుంది కాబట్టి ఫరవాలేదు. 120 మాత్రమే అని రాసిన రైస్ కుక్కర్‌నో హెయిర్ డ్రయర్‌నో ఇక్కడ ప్లగ్‌లో పెడితే మాడిపోతుంది. ఐఫోన్ 14 నుంచి అమెరికా ఐఫోన్లకు సిమ్ ట్రే ఉండదు, ఈసిమ్ (ఫోన్ లోపలే ఉండే డిజిటల్ సిమ్) ఒక్కటే. ఇక్కడ ఈసిమ్ దొరుకుతుంది కానీ, ఊళ్లో ఉండే నాన్నగారికి సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకునే అలవాటుంటే ఇబ్బందే.

ధర, ఆపైన

సేల్ రోజుల్లో 'బెస్ట్ డీల్స్' జాబితాలు చదవడం కంటే ధర గ్రాఫ్ చూడటం మేలు. అమెజాన్‌కు కీపా, మన షాపింగ్ సైట్లకు బైహట్కే లాంటివి పాత ధరలు చూపిస్తాయి. కొట్టేసిన ఎంఆర్‌పీ మీద 55 శాతం తగ్గింపు అన్నది రెండు నెలలుగా అదే ధరకు అమ్ముతున్నదే అని గ్రాఫ్‌లో బయటపడుతుంది. ఇవి కూడా కమీషన్ మీద నడిచేవే కావచ్చు, అయినా గీత గీసి చూపించినప్పుడు దాచడానికి ఏమీ ఉండదు. బ్యాంక్ ఆఫర్, ఎక్స్చేంజ్ తీసేసి అసలు ధరను పోల్చండి.

ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే సరిపోదా అంటారు కొందరు. అది కూడా చాలావరకు పైన చెప్పిన జాబితాలనే చదివి చెబుతుంది, పైగా నిలిపేసిన మోడల్‌ను కూడా ధీమాగా చెప్పగలదు. రెండు స్పెక్ షీట్లు ఇచ్చి తేడాలు తెలుగులో వివరించమంటే మాత్రం బాగా చేస్తుంది.

కొనేటప్పుడు వస్తువు పేజీని, ముఖ్యంగా స్పెసిఫికేషన్లు, వారంటీ ఉన్న భాగాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పేజీ తర్వాత మారిపోవచ్చు. చాలా ఎలక్ట్రానిక్స్‌కు ఇప్పుడు డబ్బు వాపసు లేదు, కొద్ది రోజుల గడువులో రీప్లేస్‌మెంట్ మాత్రమే. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి, మొదటి రెండు రోజుల్లోనే తెర, స్పీకర్, ఛార్జింగ్, సిమ్ అన్నీ చూసేయండి. చెప్పిన దానికీ వచ్చిన దానికీ పొంతన లేకపోతే, అమ్మినవాళ్లు పట్టించుకోకపోతే, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. అప్పుడు ఆ స్క్రీన్‌షాట్, బిల్లు, వీడియో మూడూ అవసరపడతాయి.